షూరిటీ సంతకం పెడితే జీతంలో ఎంత కోస్తారు? కోర్టు అటాచ్‌మెంట్, సర్ఫేసీ నోటీసు: పూర్తి క్లారిటీ

గోదావరిఖని కోర్టులో ప్రాక్టీస్ చేసే వకీలుగా నా దగ్గరికి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది.

మొన్న ఒక తమ్ముడు వచ్చాడు. ఫోన్‌లో వాళ్ల నాన్న పే స్లిప్ చూపించాడు. "అన్నా, బాపు అప్పే తీసుకోలే, మరి కోర్టు కటింగ్ ఎట్లొచ్చింది?" అన్నాడు. సంగతేంటంటే, ఆయన షిఫ్టులో పక్కన పనిచేసే దోస్తుకి షూరిటీ సంతకం పెట్టాడు. దోస్తు కట్టలేదు. కోర్టు సమన్లు వస్తే "నాకేం సంబంధం" అని పక్కన పడేశాడు. ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోయింది.

షూరిటీ అంటే సాక్షి సంతకం కాదు. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 128 ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో షూరిటీకీ అంతే. ముందు అతన్నే అడగాలన్న రూలేం లేదు. జీతం ఎవరిది రెగ్యులర్‌గా వస్తే వాళ్ల మీదికే వస్తారు. సింగరేణి జీతం అంటే అందరికీ నమ్మకం కదా!

మరి ఎంత కోస్తారు? సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 చూడండి. మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు ముట్టుకోవద్దు. లెక్కకి వచ్చే జీతం 61,000 అనుకుందాం. 1,000 తీసేస్తే 60,000. అందులో 40,000 సేఫ్. నెలకి గరిష్టంగా 20,000 వరకే అటాచ్ చేయొచ్చు. భార్యాపిల్లల మెయింటెనెన్స్ డిక్రీకి మాత్రం లెక్క వేరు.

ఇంకో పాయింట్. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు కటింగ్ అయితే, ఆ డిక్రీకి జీతం మళ్లీ అటాచ్ చేయలేరు. అట్లని అప్పు మాఫీ అయినట్టు కాదు. డిక్రీని 12 ఏళ్ల లోపు అమలు చేయించుకోవచ్చు, వేరే ఆస్తి మీదికి రావచ్చు. పీఎఫ్, గ్రాట్యుటీలకు అటాచ్‌మెంట్ నుంచి రక్షణ ఉంది. "ఈ రక్షణలు నాకు వద్దు" అని మీతో ముందే రాయించుకున్నా ఆ ఒప్పందం చెల్లదు.

ఇల్లు తాకట్టు పెట్టిన లోన్ అయితే కథ వేరే. 2002 సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టులో కేసు వేయకుండానే ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ గడువులోనే మీ అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి. అందిన 15 రోజుల్లో బ్యాంకు జవాబివ్వాలి. స్వాధీన చర్య మొదలైతే 45 రోజుల్లో డీఆర్‌టీకి వెళ్లాలి. మన సివిల్ కోర్టులో స్టే తెద్దామంటే సెక్షన్ 34 అడ్డం వస్తుంది. వ్యవసాయ భూమికి మాత్రం ఈ చట్టం వర్తించదు.

"కట్టకపోతే జైలే" అని ఫోన్‌లో బెదిరిస్తే భయపడకండి. పేదరికం వల్ల కట్టలేనివాళ్లని జైల్లో పెట్టడం కుదరదని సుప్రీంకోర్టు 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. డబ్బుండీ ఎగ్గొడితే మాత్రం సివిల్ జైలు ఉంటుంది.

ఫీజు కట్టే స్తోమత లేదా? 1987 లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12లో పారిశ్రామిక కార్మికులకి ఉచిత న్యాయ సహాయం రాసి ఉంది. అంటే బొగ్గుబాయి కార్మికులకి కూడా. మహిళలకీ, ఎస్సీ, ఎస్టీలకీ ఉంది. 15100కి ఫోన్ చేయండి.

ఆ తమ్ముడి నాన్న విషయానికొస్తే, ఎక్స్‌పార్టీ డిక్రీ కొట్టేయమని అడగడానికి 30 రోజులే టైం. సమన్లు ఆయన చేతికే అందాయి, గడువు ఎప్పుడో దాటింది. ఆలస్యానికి కారణం చూపిస్తూ పిటిషన్ వేశాం, ఇంకా తేలలేదు. ఈలోపు ప్రతి నెలా కటింగ్ నడుస్తనే ఉంది.

అందుకే ఈ రాత్రి ఇంట్లో ఒక్కమాట అడగండి: "బాపూ, ఎవరికైనా షూరిటీ ఉన్నావా?" ఉంటే ఆ కాగితాలు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. కోర్టు కవరు వస్తే పక్కన పడేయకండి, అదే రోజు వకీలుకి చూపించండి.