బండి అమ్మినా పేరు మిగిలే ఉంటుంది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సొంత ఊళ్లో కార్ల వ్యాపారం పెట్టాలనుకునే మన బడి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. ఈ వ్యాపారంలోకి వచ్చే కుర్రవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "అన్నా, లైసెన్సుకు ఎంతవుతుంది?" ఆ లైసెన్సు ఎవరి కోసమో తెలుసా అని నేను వాళ్లను తిరిగి అడుగుతాను. ఈరోజు నేను చెప్పదలచుకున్నదీ అదే.

ముందు ఒక తికమక తీర్చాలి. మున్సిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు వేరు, జీఎస్టీ నమోదు వేరు, రవాణా శాఖ ఇచ్చే అనుమతి వేరు. మొదటి రెండూ మిగతా వ్యాపారాలకూ ఉండేవే. బండ్ల వ్యాపారికి ప్రత్యేకంగా కావలసింది మూడోది. అందులోనూ రెండు రకాలున్నాయి.

కొత్త బండ్లు అమ్మాలంటే ముందు కంపెనీ డీలర్‌షిప్ ఇవ్వాలి. ఆ తర్వాత రవాణా శాఖ నుంచి ట్రేడ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ కాని బండిని రోడ్డెక్కించకూడదని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతుంది. మరి షోరూం వాళ్లు కొనేవారికి బండి నడిపి చూపించేదెట్లా? అందుకే ఈ సర్టిఫికెట్. 16వ నంబరు ఫారంలో దరఖాస్తు పెడితే 17వ నంబరు ఫారంలో ఇస్తారు. ఒకప్పుడు ఏటేటా రెన్యువల్ చేయించాల్సి వచ్చేది. 2022 సవరణతో గడువు ఐదేళ్లయింది, దరఖాస్తు కూడా ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు.

కానీ నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో కంపెనీ షోరూం తెచ్చుకునేంత పెట్టుబడి అందరికీ ఉండదు. మామూలు కుటుంబాల పిల్లలు మొదలుపెట్టేది పాత బండ్లతోనే. మనం దాన్ని కన్సల్టెన్సీ అంటాం. చాలాకాలం ఆ వ్యాపారికి నిబంధనల్లో చోటే లేదు. అమ్మేవాడు 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి, తాళం ఇచ్చి, డబ్బు తీసుకుని ఇంటికి పోయేవాడు. తేదీ, కొన్నవారి పేరు రాయాల్సిన చోట ఖాళీ. గిరాకీ దొరికినప్పుడు వ్యాపారి ఆ ఖాళీలు నింపేవాడు. ఈలోగా బండి వ్యాపారి దగ్గర, పేరు మాత్రం అమ్మినవాడిది. ఏపీ 21 నంబరుతో మన రోడ్ల మీద తిరిగే పాత బండ్లలో అలా చేతులు మారినవి ఎన్నో.

ఆ పేరు ఎంత బరువో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. ఒకాయన కారు అమ్మేశానన్నాడు. అది నలుగురి చేతుల్లోకి పోయింది గానీ ఆర్సీలో పేరు మారలేదు. తర్వాత ప్రమాదం జరిగింది. నష్టపరిహారం కట్టాల్సింది రికార్డులో పేరున్న ఆయనేనని కోర్టు చెప్పింది. మన ఆళ్లగడ్డ శిల్పులు రాతిమీద చెక్కిన అక్షరం లాంటిది ఆర్సీలో పేరు. నోటిమాటతో చెరగదు.

ఈ చిక్కు తీర్చడానికి కేంద్రం 2022 డిసెంబరులో కొత్త నిబంధనలు తెచ్చింది. అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పాత బండ్ల వ్యాపారి 29ఏ ఫారంలో దరఖాస్తు చేసి, 29బీ అనే అధికార పత్రం తీసుకోవాలి. దాని గడువు ఐదేళ్లు. బండి వ్యాపారి చేతికి వచ్చిన సంగతి 29సీ ఫారంలో రవాణా శాఖకు తెలియాలి. అప్పటినుంచి ఆ బండికి యజమానిగా లెక్కకు వచ్చేది వ్యాపారే. బాధ్యత అతనిది. బదులుగా ఆర్సీ రెన్యువల్, డూప్లికేట్ ఆర్సీ, ఎన్‌ఓసీ, పేరు మార్పిడి దరఖాస్తులు అతనే పెట్టుకోవచ్చు. బండి బయటికి తీస్తే ఎందుకు తీశారో, ఎవరు నడిపారో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ట్రిప్ రిజిస్టరులో ఎక్కించాలి. కొనేవారికి నడిపి చూపించవచ్చు, మరమ్మతుకు పంపవచ్చు. ఇంటిల్లిపాదీ ఎక్కి అహోబిలం వెళ్లి రావడానికి మాత్రం వీల్లేదు.

"ఇంత తతంగం ఎందుకన్నా?" అంటారు కుర్రవాళ్లు. మన దగ్గరికి బండి అమ్మడానికి వచ్చేదెవరు? కూతురి పెళ్లి పెట్టుకున్నవాడు, పంట పోయి అప్పు తీర్చాల్సిన రైతు. అలాంటివాడి ఇంటికి రెండేళ్ల తర్వాత కోర్టు నోటీసు వస్తే వచ్చిన డబ్బూ పోతుంది, ఉన్న పొలమూ పోతుంది. లైసెన్సు మన గోడకు తగిలించుకోవడానికి కాదు, ఆ మనిషి కోసం.

సభలో ఉన్న గురువులకు, మిత్రులకు కూడా ఒక మనవి. కన్సల్టెన్సీకి బండి ఇచ్చేటప్పుడు 29బీ చూపించమనండి, 29సీ నకలు దగ్గర పెట్టుకోండి. తెలిసినవారికి నేరుగా అమ్మితే, కొన్నవారు మన రాష్ట్రంవారైతే 14 రోజుల్లో, వేరే రాష్ట్రంవారైతే 45 రోజుల్లో అమ్మినవారే రవాణా శాఖకు తెలపాలి. కొన్నవారికి 30 రోజుల గడువు. ఎంత దగ్గరివారైనా ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి.

మన బడి పిల్లలు ఎవరైనా ఈ వ్యాపారంలోకి వస్తే ముందు అధికార పత్రం తెచ్చుకోండి, ఆ తర్వాతే బోర్డు కట్టండి. కాగితాల విషయంలో ఏ సందేహం వచ్చినా నా దగ్గరికి రండి, నేనే వెంట వచ్చి చేయిస్తాను.

సెలవు.