పాత కంప్యూటరుకు కొత్త విండోస్ పడుతుందా?

(కుల్చారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి మన కుల్చారం వాడేనని పెద్దలు చెబుతారు. మాటకు మాట విప్పి అర్థం చెప్పడం ఆయన పద్ధతి. కంప్యూటరు తెరమీద వచ్చే మాటలకు అలా చెప్పేవారు లేకనే మనలో చాలామంది కంగారు పడుతున్నారు. నాకు తెలిసినంతలో చెబుతాను.

విండోస్ 10కు ఉచిత రక్షణ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఇది మొదటిసారి కాదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కు 2020 జనవరిలో ఇలాగే జరిగింది. ముగిసిందంటే యంత్రం ఆగిపోదు. ఉత్తరాలు టైపు చేయవచ్చు, మనుమల ఫొటోలు చూడవచ్చు. కాని కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు రాదు. ఆ యంత్రం మీదనే బ్యాంకు ఖాతా తెరిచి పింఛను జమ చూసుకునేవారికి ఇది చిన్న విషయం కాదు.

"పాతదైంది, పారేసి కొత్తది కొనండి" అని మన మిత్రుడొకరికి ఒక దుకాణంలో చెప్పారు. అబ్బాయి అమెరికా పోతూ ఇచ్చిపోయిన ల్యాప్‌టాప్ అది. అడ్వాన్సు ఇవ్వబోతుండగా ఆపి, ఇద్దరం కూర్చుని చూశాం. అది విండోస్ 11కు పనికి వచ్చేదే. ఒక సెట్టింగు మాత్రం మూసి ఉంది. అందుకే, చూడకుండా డబ్బు తీయవద్దని నా మనవి.

చూడడానికి సులువైన దారి మైక్రోసాఫ్ట్ వారి 'పీసీ హెల్త్ చెక్' అనే ఉచిత ప్రోగ్రాము. చాలా యంత్రాల్లో అప్‌డేట్లతోపాటే వచ్చి ఉంటుంది. స్టార్టు దగ్గర ఆ పేరు వెతికి, 'చెక్ నౌ' నొక్కితే ఏది సరిపోయింది, ఏది సరిపోలేదు అన్నది చెబుతుంది. అది 'లేదు' అన్నప్పుడు ఎందుకు లేదో చదవాలి. అక్కడే మనవాళ్ళు ఆగిపోతున్నారు.

ర్యామ్ 4 జీబీ, డిస్కు 64 జీబీ ఉండాలి. ఇవి తక్కువైతే చాలా యంత్రాల్లో మార్పించుకోవచ్చు, భయం లేదు. ప్రాసెసరు సంగతి వేరు, ల్యాప్‌టాప్‌లో దాన్ని మార్చడం అయ్యేపని కాదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే దాని పేరు కనిపిస్తుంది. ఇంటెల్ ఐ5-7200 అని ఉంటే గీత తర్వాతి 7 అంటే ఏడో తరం. ఐ5-8250 అయితే ఎనిమిదో తరం. 10210 వంటి ఐదంకెలుంటే పదో తరం. కొద్ది మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం, ఆపైవే పనికొస్తాయి. ఎనిమిదో తరం 2017లో మొదలైంది. ఏఎండీ వారి ప్రాసెసరైతే అంకె చూసి తేల్చలేం, మైక్రోసాఫ్ట్ జాబితాలోనే చూడాలి.

ఇక టీపీఎం 2.0. తాళాల రహస్యాలు దాచే చిన్న ఏర్పాటు అది. విండోస్ గుర్తున్న మీటను, ఆర్ మీటను కలిపి నొక్కితే వచ్చే పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో టి, పి, ఎం, చుక్క, ఎం, ఎస్, సి కొట్టండి. 'స్పెసిఫికేషన్ వర్షన్ 2.0' అని వస్తే సరే. 'కనబడలేదు' అని వచ్చినంత మాత్రాన లేదని కాదు. చాలాసార్లు అది బయోస్‌లో మూసి ఉంటుంది. ఇంటెల్ యంత్రాల్లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది, తెరిస్తే చాలు. మా మిత్రుడి యంత్రంలో జరిగింది ఇదే. సెక్యూర్ బూట్ కూడా అక్కడే ఉంటుంది. అయితే బయోస్ ముట్టుకునే ముందు కాగితాలు, ఫొటోలు వేరే డిస్కులోకి ఎక్కించుకోండి. బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ రాసిపెట్టుకోండి. తెలిసిన పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే మరీ మంచిది.

ప్రాసెసరే పాతదైతే? పరీక్షను తప్పించి విండోస్ 11 ఎక్కించే చిట్కాలు చెప్పేవారున్నారు. నేను చెప్పను. అలాంటి యంత్రానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని కంపెనీయే అంటోంది. విండోస్ 10కే 2026 అక్టోబరు 13 వరకు అదనపు రక్షణ ఇస్తామని 2025లో వారు ప్రకటించారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ కలిపితే దీనికి రుసుము లేదు. లేదా లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థ వేసుకోవచ్చు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్ పత్రం సంగతి అడుగుతారేమో. ముఖం చూపి ఇచ్చే పద్ధతికి ఆండ్రాయిడ్ ఫోను చాలు, కంప్యూటరుతో పని లేదు.

ఒక్కమాట గట్టిగా చెప్పాలి. "మీ విండోస్ గడువు అయిపోయింది, మేం బాగుచేస్తాం" అని ఫోను వస్తే పెట్టేయండి. మైక్రోసాఫ్ట్ ఎవరికీ అలా ఫోను చేయదు. వాళ్ళు చెప్పిన ప్రోగ్రాము ఎక్కిస్తే మీ తెర వాళ్ళ చేతికి పోతుంది. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి చెప్పండి.

కంప్యూటర్లు తెచ్చినవారు భోజనాల తర్వాత ఇక్కడే ఉండండి, ఒక్కొక్కటిగా చూద్దాం. ఛార్జరు మరువకండి.