డాబాపై ఆవిరి బండి
(ప్లాటినం జూబిలీ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్ల పాఠశాల పండుగలో బొమ్మ రైలును గురించి మాట్లాడుతానంటే కార్యదర్శిగారు నవ్వినారు. బండి బొమ్మదే. కాని దానిలోని నిప్పు, నీరు, ఆవిరి నిజమైనవి. అందుకే ఈ సాహసం.

మా తండ్రిగారు షోలాపురం నూలుమిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవారు. మిల్లు భోంగాను బట్టే మా ఇంట పొయ్యి వెలిగేది. ఏకాదశికి కుర్దువాడిలో చిన్న బండి ఎక్కి పండరీపురం వెళ్ళేవారము. ఎవరార్డ్ కాల్త్రాప్ అనే ఇంజనీరు రూపొందించగా 1897లో మొదలైన బార్శీ లైట్ రైల్వే అది. పట్టాల నడుమ ఎడము 762 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ ఇంజను పొగ నా కంట్లో పడింది, మనసులోనూ పడింది. నేడు ఆ దారి అంతా బ్రాడ్‌గేజి అయినది.

ఎనిమిదవ తరగతిలో మా సామాన్యశాస్త్రం మాస్టారు మూతపెట్టిన డబ్బాలో నీరు మరిగించి, ఆ మూత ఎగిరిపడగా చూపించారు. నీరు ఆవిరి అయినప్పుడు 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుందనీ, దానికి చోటివ్వకపోతే అది పీడనమవుతుందనీ చెప్పారు. ‘పీడనం’ అన్న మాట ఆనాడే నాకు అర్థమయింది.

ఉద్యోగ విరమణ తరువాత, పుణేలో బి.ఎస్. జోషీగారు 1998లో నెలకొల్పిన చిన్న రైళ్ళ మ్యూజియం చూసి వచ్చి, ఒక పాత ఆవిరి ఇంజను కొన్నాను. దాని కొలతలో అడుగుకు 16 మిల్లీమీటర్లు, అనగా అసలులో 19వ వంతు. ఈ లెక్కన డార్జిలింగు రెండడుగుల దారి 32 మిల్లీమీటర్లవుతుంది. మన బార్శీ దారి 40 అవుతుంది. ఆ కొలత పట్టాలు అంగడిలో దొరకనందున డార్జిలింగు కొలతకే కట్టుబడ్డాను.

డాబా మీద మూడడుగుల వ్యాసార్ధంతో పట్టాలు పరిచాను. అవి సమతలంగా లేకపోతే బండి ఎగువన ఆగిపోతుంది, దిగువన పరుగెత్తి పడిపోతుంది. మీటరు పొడవు ఇత్తడి పట్టా 30 డిగ్రీల వేడి పెరిగితే అర మిల్లీమీటరుకు పైగా సాగుతుంది. మన ఊరి ఎండకు అతుకుల వద్ద ఖాళీలు విడువక తప్పదు.

నడిపే ముందు బాయిలరులో శుద్ధజలం పోయాలి. ఆవిరికి పైన కొంత చోటు విడవాలి. లూబ్రికేటరులోని పాత నీటిని వంపి, చిక్కటి నూనె నింపాలి. ఆ నూనె ఆవిరితో కలిసి సిలిండరుకు చేరుతుంది. బ్యూటేను గ్యాసు చివర నింపాలి, అప్పుడు దగ్గరలో నిప్పు ఉండరాదు. వెలిగించిన కొద్ది నిమిషాలకు ముల్లు కదులుతుంది. మొదట చల్లని సిలిండరులో ఆవిరి నీరై పొగగొట్టం నుండి చిమ్ముతుంది. బండిని మెల్లగా ముందుకూ వెనుకకూ జరిపి ఆ నీటిని వెళ్ళగొట్టాలి. పిమ్మట దాని నడక చూడవలసినదే!

ఈ ఇంజనులలో నీటికంటే ముందుగా గ్యాసు అయిపోయేటట్లు అమరిక ఉంటుంది. అదే దాని ప్రాణరక్షణ. ఒకనాడు మనుమడు “తాతా, ఇంకొక్కసారి” అనగా, నీరు చూడకుండానే గ్యాసు రెండవసారి నింపాను. బాయిలరు ఎండిపోయింది. మాడు వాసన వచ్చి మంట ఆర్పేసరికే కొన్ని అతుకులు చెడినవి. పిల్లవాడు జానెడు దూరంలో ఉన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నలభై ఏండ్లు బాయిలరు చూసిన తండ్రికి కొడుకును గదా, నీరు చూడకపోతినే అని కుమిలినాను. ఆ మీదట బాయిలరు బాగుచేయించి, చల్లని నీటితో, పనిచేసే పీడనానికి ఒకటిన్నర రెట్ల ఒత్తిడిపై పరీక్షించిన పిదపనే మరల నిప్పు పెట్టాను.

నాకిప్పుడు చేతులు వణుకుతున్నవి. సన్నని మరలు పట్టు చిక్కుట లేదు. కనుక ఈ ఇంజనును, పట్టాలను నేడు మన పాఠశాలకు సమర్పిస్తున్నాను. రెండు కోరికలున్నవి. దీనిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయవద్దు. ఆవిరి ఇంజను నడవకపోతే తుప్పు పడుతుంది. ఏటేటా ఎనిమిదవ తరగతి పిల్లలచేత, ఉపాధ్యాయుల ఎదుట నడిపించండి. నీరు చూడకుండా నిప్పు పెట్టనీయవద్దు.

తెలుగులో చదివితే ఏమి వస్తుందని అడుగుతున్న తల్లిదండ్రులు ఈ సభలో ఉన్నారు. వారి ఆందోళన నాకు తెలుసు, నా కోడలు కూడా అడిగింది. నేను చెప్పగలిగినది ఒక్కటే. ఇంజనుతో వచ్చిన ఆంగ్ల పుస్తకాన్ని నేను అర్థం చేసుకున్నది మాస్టారు డబ్బా మూత ఎగిరించి నేర్పిన తెలుగు మాటలతోనే.

సభ ముగిసిన పిదప ఆవరణలో బండి నడుపుతాను. పిల్లలను ముందు నిలబెట్టండి, రెండడుగుల దూరంలో. సెలవు.