ఢిల్లీ దించిన బండ

ఇంధన రాయితీల ఎత్తివేత గురించి చెప్పేవాళ్లు 2010 జూన్ దగ్గర మొదలుపెడతారు. కథ అంతకంటే పాతది. 1970లలో ఎస్సో, బర్మాషెల్, కాల్టెక్స్ జాతీయమయ్యాక ధర కట్టడం సర్కారు పనైంది. ఆయిల్ పూల్ ఖాతా పేరుతో ఒక పద్దు నడిచేది. పెట్రోలు మీద ఎక్కువ తీసుకుని, ఆ మిగులుతో కిరోసిన్, వంటగ్యాస్ చవగ్గా ఇచ్చేవారు. స్కూటరున్నవాడు లాంతరున్నవాడికి పెట్టాలన్న లెక్క. న్యాయమైన లెక్కే. కాని రేషన్ డిపోకి రావలసిన నీలి కిరోసిన్ చాలాచోట్ల దారిలోనే డీజిల్లో కలిసిపోయేది. 2005 నవంబరులో లఖీంపూర్ ఖేరీలో బంకుల కల్తీని పట్టుకున్నందుకు ఇండియన్ ఆయిల్ యువ అధికారి మంజునాథ్‌ను కాల్చి చంపారు.

2002 ఏప్రిల్ 1న నియంత్రిత ధరల విధానం రద్దయింది, కాగితం మీద. 2004 తర్వాత ముడిచమురు ఎగబాకితే ఆ ధరను జనం మీద వేసే ధైర్యం ఢిల్లీకి లేకపోయింది. కంపెనీలకు నగదు బదులు బాండ్లు రాసిచ్చారు. 2010 దాకా అలా పేరుకున్నవి దాదాపు 1.4 లక్షల కోట్ల రూపాయలు. అప్పు తీర్చే పూచీ తర్వాతి సర్కార్లది!

అంతకు ముందు మన రాష్ట్రానికి గవర్నరుగా చేసి వెళ్లిన రంగరాజన్ 2006లో చమురు ధరల మీద ఒక నివేదిక ఇచ్చారు, 2010లో కిరీట్ పారిఖ్ ఇంకొకటి ఇచ్చారు. ఆ జూన్‌లో పెట్రోలు ధరను వదిలేశారు. జులై 5న వామపక్షాలూ బీజేపీ కూటమీ ఒకేరోజు భారత్ బంద్ చేశాయి. వాళ్లిద్దర్నీ ఒక దారికి తేవడం పెట్రోలు వల్లే అయింది.

అసలు గండం 2012 సెప్టెంబరు 13న వచ్చింది. అప్పుడు పెట్రోలియం మంత్రి మన జైపాల్‌రెడ్డి. డీజిల్ మీద ఒకేసారి 5 రూపాయలు పెంచి, రాయితీ సిలిండర్లు ఏడాదికి 6 చాలన్నారు. మమతా బెనర్జీ మద్దతు ఉపసంహరించుకున్నారు. కాంగ్రెస్ అధిష్ఠానం తమ ప్రభుత్వాలున్న రాష్ట్రాలను మరో 3 సిలిండర్లు భరించమంది. ఢిల్లీ దించిన బరువు రాష్ట్రాల నెత్తికెక్కడం అక్కడే మొదలైంది. 2013 జనవరికి ఆ 6 కాస్తా 9 అయింది. ఏడాది తిరిగాక, ఎన్నికల ముంగిట, 12.

డీజిల్ విషయంలో మాత్రం తెలివిగా నడిచారు. 2013 జనవరి నుంచి నెలకు 50 పైసల చొప్పున పెంచుకుంటూ పోయారు. 50 పైసలకు బంద్ ఎవరు చేస్తారు? 2014 అక్టోబరులో ముడిచమురు పడిపోతుండగా మోదీ ప్రభుత్వం డీజిల్ ధరనూ వదిలేసింది. ఆ రోజు లీటరు 3 రూపాయల 37 పైసలు తగ్గింది. రాయితీ ఎత్తేసిన రోజున ధర తగ్గడం చిత్రమే.

గ్యాస్ రాయితీని బ్యాంకు ఖాతాలో వేసే ప్రయోగం 2013 జూన్ 1న మొదలైంది. తొలి విడతలో మన హైదరాబాద్, రంగారెడ్డి, అనంతపురం, చిత్తూరు, తూర్పుగోదావరి జిల్లాలున్నాయి. ఆధార్ నంబరు గ్యాస్ ఏజెన్సీలోనూ ఎక్కాలి, బ్యాంకులోనూ ఎక్కాలి. ఒకచోట ఎక్కి రెండోచోట ఎక్కకపోతే గడప దగ్గర పూర్తి ధర కట్టిన ఇల్లాలు రాయితీ కోసం ఎదురుచూడాల్సిందే. 2014 జనవరిలో ఆపేశారు. అదే ఏడాది నవంబరులో పహల్ పేరుతో మళ్లీ తెచ్చారు.

ఇక జనానికి ఎక్కువ తగిలింది రాయితీ పోవడం కాదు, దాని చోట పన్ను రావడం. 2014 నవంబరు నుంచి 2016 జనవరి వరకు ఎక్సైజు సుంకాన్ని 9 సార్లు పెంచారు. పెట్రోలు మీద 9.48 రూపాయలున్నది 21.48కి, డీజిల్ మీద 3.56 ఉన్నది 17.33కి చేరింది. చమురు చవకైన లాభం బంకు దాకా వచ్చి ఖజానాకు మళ్లింది. ధర మార్కెట్‌ది అన్న మాటకూ విలువ దక్కలేదు: ఉత్తరప్రదేశ్ సహా 5 రాష్ట్రాల ఎన్నికల వేళ, 2022 మార్చి వరకు నాలుగు నెలలకు పైగా రోజువారీ ధరలు కదల్లేదు.

గ్యాస్ రాయితీ 2020 మేలో చప్పుడు లేకుండా సున్నాకు చేరింది. 2022 నాటికి సిలిండర్ వెయ్యి దాటింది. ఉజ్జ్వల పథకంలోని పేద ఇళ్లకు సిలిండర్‌కు 200, ఆపై 300 రూపాయలు తిరిగిచ్చారు. మిగతా ఖాళీలోకి రాష్ట్రాల్లో పార్టీలు దిగాయి. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ 500 రూపాయల సిలిండర్ మొదలుపెట్టింది. నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో దీపం-2 మొదలై ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 3 సిలిండర్లు ఉచితమయ్యాయి. మొదలైనప్పుడు రెండుచోట్లా ముందు డబ్బు కట్టాల్సి వచ్చేది, తర్వాత ఖాతాలో పడేది. 2013 పద్ధతే.

అయితే ఈ రెండు రాష్ట్రాలూ 2021 నవంబరులో కేంద్రం సుంకం తగ్గించినప్పుడు తమ వ్యాట్ తగ్గించలేదు. బండ మీద ఇచ్చేది కనిపిస్తుంది, బంకులో తీసుకునేది కనిపించదు. కాబట్టి సభికులకు ఒక్క మనవి. వచ్చే బడ్జెట్ రోజున గ్యాస్ రాయితీకి కేటాయించిన మొత్తాన్నీ, పెట్రోలు, డీజిల్ పన్నుల రాబడినీ పక్కపక్కన అచ్చువేయమని మీ శాసనసభ్యుణ్ణి అడగండి.