పుస్తకము మూసి గీసిన పటము



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందు శివరాత్రి దాటినదన్న పదవ తరగతి పిల్లలున్న ప్రతి యింటను కలవరము మొదలగును. పరీక్షలు దగ్గఱపడుచుండును. తండ్రి గల్ఫు దేశమందో సాంచాలపైననో యుండును. తల్లి బీడీలు చుట్టుచు పొద్దు పుచ్చును. పిల్లవానిని కనిపెట్టి యుండు భారము తాతమీదనో నాయనమ్మమీదనో పడును. వాడు రసాయనశాస్త్రపు పాఠమును ముందిడుకొని గొంతెత్తి చదువుచుండును. విని తాత సంతోషించును. గంటసేపైన పిమ్మట పుస్తకము మూయించి "ఏమి చదివితివిరా?" యని యడిగినచో వాడు నేలచూపులు చూచును. ఆ తాతలతోడనే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

నేను తెలుగు పండితుడను. రసాయనశాస్త్రము నా విద్య కాదు. ఐనను పరీక్షలకు ముందు జరుగు సాయంకాలపు తరగతులలో పిల్లలకడ కూర్చుండుట పెక్కేండ్లు నాకు విధియయ్యెను. పాఠమునంతయు ఒక పటముగానో పట్టికగానో గీసి నెమరువేయు పద్ధతిని అచ్చటనే చూచితిని. మొదట నాకది యొక వేడుకవలె తోచెను. తరువాత విచారింపగా మన పూర్వులెఱిగిన పనియే యనిపించినది.

మన వర్ణమాలను చూడుడు. క మొదలు మ వఱకు గల యిరువదియైదు హల్లులు ఐదు వరుసలుగా నిలిచియున్నవి. అడ్డముగా చూచిన ఒక్కొక్క వరుస కొక్కొక్క పుట్టుచోటు: కంఠము, తాలువు, మూర్ధము, దంతము, ఓష్ఠము. నిలువుగా చూచిన మొదటివి పరుషములు, మూడవవి సరళములు, కడపటివి అనునాసికములు. అక్షరమున్న చోటు తెలిసిన దాని గుణము తెలిసినట్లే. రష్యాదేశమున మెండలీవు 1869లో మూలకములకు చేసిన యుపకార మిట్టిదే. నాటికి తెలిసిన 63 మూలకములను పరమాణు భారముల ననుసరించి పేర్చి, సరిపడు మూలకము లేనిచోట ఖాళీలు విడిచెను. సిలికాన్ తరువాతి ఖాళీకి ఏక సిలికాన్ అని పేరిడి, దాని భారము 72 ఉండవలెనని 1871లో చెప్పెను. ఆ 'ఏక' శబ్దము మన సంస్కృతమునుండి గైకొన్నదే! 1886లో జర్మనీ దేశమున వింక్లర్ అను శాస్త్రజ్ఞుడు జెర్మేనియమును కనుగొనగా దాని భారము 72కు మిక్కిలి చేరువగా నుండెను.

నేడు ఆ పట్టికలో 118 మూలకములు గలవు. వానిని పరమాణు సంఖ్యనుబట్టి పేర్చుదురు. సిరిసిల్ల పిల్లవానికి దీనిని పడుగు పేకలుగా చెప్పిన చాలును. నిలువు వరుస పడుగు: అందలి మూలకముల బాహ్యకక్ష్యలో ఎలక్ట్రానులు సమానముగా నుండును. అడ్డువరుస పేక: అందు కక్ష్యల సంఖ్య సమానము. నడిమి వరుసలకు కొంత వేఱు లెక్క గలదు గాని, ఆరంభమునకు ఇది చాలును.

ఇక సున్నము సంగతి. ఇది మన పెద్దలకు పుస్తకముకంటె బాగుగా తెలిసినది. సున్నపురాయిని బట్టీలో కాల్చిన బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నము మిగులును. దానిపై నీరు పోసిన బుసబుస పొంగి, కాగి, తడిసున్నమగును. దానిని గోడకు పూసిన, గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి గ్రహించి, నీటిని విడిచి, రెండుమూడు దినములలో గట్టిపడును. ఆ గట్టిపడినది మరల సున్నపురాయి పదార్థమే, కాల్షియం కార్బొనేటే. మూడు పేర్లను గుండ్రముగా వ్రాసి నడుమ బాణములు గీసిన నాలుగు పుటల పాఠము అఱచేతిలో ఇమిడిపోవును.

కాని ఆ బాణములపై మాటలుండవలెను. "కాల్చగా", "నీరు కలుపగా", "గాలి సోకగా" అని వ్రాయని బాణము విభక్తి లేని నామమువంటిది. పదములుండును గాని వాక్యము పుట్టదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున జోసెఫ్ నోవాక్ 1970 తరువాతి దశకమున భావపటములను రూపొందించినపుడు ఈ కలుపుమాటలనే ముఖ్యముగా నెంచెను.

ఇప్పుడు నా తప్పిదము చెప్పవలెను. ఒక యేడు నేనే రంగుసుద్దలతో ఆమ్లక్షారముల పటమును ముచ్చటగా గీసి గోడకు తగిలించితిని. ఒక వలయమున ఆమ్లము, వేఱొక వలయమున క్షారము, రెండును ఒండొంటిని కప్పినచోట ఉభయసామాన్యమగు గుణములు. పిల్లలందఱును చక్కగా నకలు వ్రాసికొనిరి. వారము గడచిన పిదప తెల్లకాగితమిచ్చి గీయుమనగా వలయములు గీసిరి. లోపల వ్రాయుటకు మాటలు లేవు. పటము నాది, జ్ఞానమును నాయొద్దనే నిలిచినది.

కారణము తరువాత తెలిసినది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున కార్పికె, బ్లంట్ అనువారు 2011లో ప్రకటించిన పరిశోధనయం దొక ముఠా విద్యార్థులు పాఠమును ఎదుట నుంచుకొని పటము గీసిరి; వేఱొక ముఠా పాఠము చదివి, దానిని తీసివేసి, జ్ఞాపకమున్నది వ్రాసిరి. వారము తరువాతి పరీక్షలో రెండవ ముఠాయే మేలనిపించుకొనెను. ఐన పటము వ్యర్థమా? కాదు. 2014లో వారే పాఠమును తీసివేసి జ్ఞాపకమునుండి పటము గీయించినపుడు అదియును బాగుగనే ఫలించినది. గీత యందు కాదు, గుర్తు తెచ్చుకొను శ్రమయందే లాభమున్నది. అంగడిలో అమ్ము రంగురంగుల పటములను కొని గోడలకు అతికించువారిని చూచిన నాకిప్పటికిని కొంచెము చిరాకే.

కావున పెద్దలు చేయవలసినది స్వల్పము. పాఠము చదివిన పిదప పుస్తకమును మీ చేతికి తీసికొనుడు. పలకమీదనో, గచ్చుపై సుద్దతోనో పటము గీయుమనుడు. ఒక్కొక్క బాణముమీద వ్రేలుంచి "ఇదేమి చెప్పును?" అని యడుగుడు. జవాబు తప్పో ఒప్పో మీకు తెలియనక్కఱలేదు; వాడు తడబడిన చోటు మీ చెవికే తెలియును. అప్పుడు పుస్తకమిచ్చి, విడిచిన మాటలను వేఱు రంగుతో పూరింపుమనుడు. రెండు దినములు గడచిన తరువాత ఆ పటమునే మరల మొదటినుండి గీయింపుడు. వేఱు రంగు తగ్గినకొలది పాఠము వచ్చినట్లు.

సమీకరణములను తుల్యము చేయుట, లెక్కలు కట్టుట పటములవలన రావు. వానికి చేతితో చేసిన అభ్యాసమే దిక్కు. అది బడిలోని ఉపాధ్యాయులపని.

మొదటి రాత్రికి పాఠపుస్తకము లేకున్నను సాగును. కోరుట్ల చుట్టుపట్ల ఏ యింట పసుపు లేదు? తెల్లగుడ్డపై తడిపసుపు రెండుచోట్ల రాచి, ఒక మరకపై సున్నపు తేటను, వేఱొకదానిపై చింతపండు రసమును చిలుకరింపుడు. మొదటిది పారాణివలె ఎఱ్ఱనగును, రెండవది పచ్చగనే యుండును. ఏది క్షారము, ఏది ఆమ్లము, ఎట్లు తెలిసెనని యడిగి, మనుమరాలిని ఆ రెండు వలయములు గీయుమనుడు. మీరు ప్రక్కన కూర్చుండుడు.