పరభాషాభ్యాసము – గ్రంథాలయము
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు కోరినారు. నేను లెక్కలు వ్రాసికొనువాడను. గురుముఖమున గాక పుస్తకముల మూలముననే కావ్యములతో నొకింత పరిచయము కలిగించుకొన్నవాడను. పరభాషను పిల్లలకు నేర్పుట యెట్లు, అందు గ్రంథాలయము చేయదగిన సాయమెట్టిది యను విషయమును నాకు తెలిసినంతలో మనవి చేయుదును.

పాఠశాలలలో చిరకాలముగా నడచుచున్న పద్ధతి మీరెల్లరు నెరిగినదే. మొదట సూత్రము, పిదప పదముల పట్టిక, అటుపిమ్మట వాక్యమునకు వాక్యము తెనుగు. సంస్కృతమునకు శబ్దమంజరి, ఇంగ్లీషునకు క్రియారూపములు. రెండవ పద్ధతి యొకటి కలదు. అందు ఉపాధ్యాయుడు బాలునకు బోధపడునట్టి పరభాషను విస్తారముగా వినిపించును, చదివించును. బొమ్మ చూపియు, అభినయించియు, తెలిసిన కథ చెప్పియు మాటకు అర్థము తోపజేయును. అమెరికా దేశీయుడగు స్టీఫెన్ క్రాషెన్ 1982లో ప్రకటించిన గ్రంథమున దీనిని సిద్ధాంతముగా వివరించెను. బాలుడున్న మెట్టుకంటె ఒక్క మెట్టు పైనున్న భాష వానికి అర్థవంతముగా అందవలెను, నేర్చునపుడు మనస్సున భయముండరాదు. ఇదియే దాని సారము.

ఇది మనకు బొత్తిగా క్రొత్త గాదు. అక్షరమెరుగని ముదుసళ్లు పోతనగారి పద్యములకు తాత్పర్యము చెప్పగలిగిరన్న, వారు ఏ వ్యాకరణము చదివిరి? పౌరాణికుడు పద్యము చదివెడివాడు, అర్థము చెప్పెడివాడు, మరల పద్యము చదివెడివాడు. కథ ముందే తెలిసినది. ఏటేట అదే గజేంద్రమోక్షము, అదే ప్రహ్లాదచరిత్రము. వినగా వినగా కఠినపదములును ఇంటి మాటలైనవి.

అట్లైన ఈ పద్ధతి పాఠశాలలలో నేల వేరూనదు? ఉపాధ్యాయుడొక్కడు దీని నవలంబించెననుకొనుడు. ప్రక్క తరగతివారు సూత్రములు వ్రాయుచుందురు, ఈతని పిల్లలు కథలు వినుచుందురు. సహోపాధ్యాయులు ‘పాఠము మాని కథలా?’ అందురు. తల్లిదండ్రులమగు మనమును నోటుపుస్తకమున ఎన్ని పుటలు నిండినవని చూతుము. వ్రాసిన పుటల లెక్క వేరు, వచ్చిన భాష లెక్క వేరు అని మనకు తోచదు. ఆ ఉపాధ్యాయుడు కొన్నాళ్లకు విసిగి అందరి త్రోవనే పట్టును.

ఇందుకొక నిదర్శనము. 1863లో కలకత్తాలో జన్మించిన డబ్ల్యు. హెచ్. డి. రౌస్ అను ఆంగ్లపండితుడు కేంబ్రిడ్జి నగరమందలి పెర్స్ పాఠశాలకు 1902 మొదలు 1928 వరకు ప్రధానోపాధ్యాయుడు. లాటిను, గ్రీకు భాషలను సూత్రములతోను అనువాదములతోను నేర్పుట నాటి ఇంగ్లండున ఆచారము. రౌస్ తరగతిలో లాటినులోనే మాటలాడెను. పిల్లలు చేయుచున్న పనిని ఆ భాషలోనే చెప్పించెను. గ్రీకు నేర్చువారికై యొక గ్రీకుబాలుని గృహజీవితమును గ్రీకులోనే కథగా వ్రాసి 1909లో ప్రకటించెను. అయినను ఈ విధానము తక్కిన పాఠశాలలలో అంతగా వ్యాపింపలేదు. ఏలయన, గంటసేపు లాటినున మాటలాడగల గురువులు అరుదు. ఒక మనుష్యుని నాలుకపై నిలిచిన విద్య ఆ మనుష్యునితోనే సన్నగిల్లును.

మరి గురువు నాలుకకు బదులు పుస్తకము ఆ పని చేయగలదా? నాటి బెంగాలునందలి ఢాకాలో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిన మైకేల్ వెస్ట్ దీనిని గూర్చి యోచించెను. పిల్లలు పలువురు చదువు ముగియకమునుపే బడి విడుచుచుండిరి. అట్టివారికి సగము సూత్రములవలన ప్రయోజనమేమి? బీమాను నడుమ విడిచినను చేతికి కొంత సొమ్ము వచ్చునట్లు, చదువును నడుమ విడిచినను బాలునకు దక్కునది యొకటి యుండవలెనని యతడు వాదించెను. అది చదివి గ్రహించు శక్తి. అందులకై మితమైన పదములతో, క్రమముగా పెరుగు పాఠములతో వాచకములు రచించెను. లెక్కలవాడనగుట నాకీ వాదము మిక్కిలి నచ్చినది.

1903 మొదలు మన తెలుగువారును కూలికై వలసపోయిన ఫిజీ దీవులలో మరియొక పరీక్ష జరిగినది. పుస్తకములు మిక్కిలి తక్కువగానున్న ఎనిమిది గ్రామ పాఠశాలలలో, నాలుగైదు తరగతుల పిల్లలు 380 మందికి 250 ఇంగ్లీషు బొమ్మలకథల పుస్తకములు అందజేసిరి. ఎల్లీ, మంగుభాయి అను పరిశోధకులు 1983లో ఫలితములు ప్రకటించిరి. చదివి గ్రహించుటయందును, విని గ్రహించుటయందును ఆ పిల్లలు సాధారణముకంటె రెండింతల వేగమున వృద్ధి చెందిరి. ఇరువది నెలలు గడచుసరికి ఆ లాభము ఇతర భాషానైపుణ్యములకును ప్రాకినది.

ఇంతమాత్రమున వ్యాకరణము వ్యర్థమని నేననను. కెనడాలో ఫ్రెంచిభాషలోనే పాఠములు విన్న ఆంగ్లబాలురు చక్కగా గ్రహించియు, మాటలాడుటలో, వ్రాయుటలో తప్పులు విడువరైరని మెరిల్ స్వెయిన్ 1985లో చూపెను. విన్నది పలుకవలెను, వ్రాయవలెను, దిద్దుకొనవలెను. బాలవ్యాకరణకర్తయగు చిన్నయసూరిగారే నీతిచంద్రికలో కథలు గూడ చెప్పిరి గదా! కథకును సూత్రమునకును వైరము లేదు. ముందుగా కథ, వెనుక సూత్రము అని మాత్రమే నా మనవి.

కావున ఒంటరియగు ఉపాధ్యాయునకు నేను చెప్పునదేమన, తోడివారితో వాదింపవలదు. నిర్ణీతపాఠము నడుపుచునే ప్రతిదినము పావుగంట బోధపడు కథ వినిపింపుడు. ప్రతి బాలునిచేతికి ఒక సులభగ్రంథము నిచ్చి యింటికి పంపుడు. పరీక్ష అందరకు నొక్కటియే. అదియే మీ పక్షమున మాటలాడును.

ఆ సులభగ్రంథము ఎచ్చట దొరకును? ఇచ్చటనే దొరకవలెను. ఇంగ్లీషు, హిందీ, సంస్కృత భాషలలో తేలికైన బొమ్మలకథలకు ఈ రజతోత్సవ జ్ఞాపకముగా నొక బీరువా వేరుగా నేర్పాటు చేయుదము. మెట్టు మెట్టునకు ఒక్కొక్క రంగు చీటి యంటింతము. ఆదివారము సాయంకాలము ఒక గంట, చదువ నేర్చినవారెవరైన పిల్లలకు చదివి వినిపింపవలెను. ప్రశ్నలు వలదు, మార్కులు వలదు. పిల్లలు త్రిప్పి త్రిప్పి పుస్తకము చినిగినచో కోపపడక క్రొత్తది కొందము. దీనికగు వ్యయము ఒక పెండ్లిపందిరి దీపముల ఖర్చునకు మించదు.

పదవ తరగతితో చదువు చాలించు బిడ్డలు మన యూర నున్నారు. వారు బడి విడిచిననాడు చేత సర్టిఫికెట్టు మాత్రమే గాక, ఒక పరభాషా గ్రంథమును తమంత చదివికొను ధైర్యముండవలెనని నా కోరిక. పెద్దలు ఈ ప్రతిపాదనను నేడే అంగీకరింతురని నమ్ముచున్నాను.