పరదేశమునఁ గాపురము

2019వ సంవత్సరమున మేము జర్మనీలోని మ్యూనిక్ నగరమందు మా కుమారునియొద్ద రెండు మాసము లుంటిమి. అచ్చట నాదివారము అంగళ్లు మూసియుండును. ఇండ్లలో సద్దు చేయరాదు. ఇది యెఱుఁగక యొక యాదివారము ప్రొద్దుటనే పచ్చడికై మిక్సీ వేయించితిమి. క్రిందియంతస్తు వృద్ధురాలు వచ్చి తలుపు తట్టెను. మా కోడలు తల వంచుకొని క్షమాపణము చెప్పుకొనెను.

రెండేండ్లలో ఆ వృద్ధురాలితోఁ గోడలు పలికిన తొలిమాట యదియేనఁట! ఇచ్చట నుపాధ్యాయినిగా నుండిన పిల్ల, భాష రాక యచ్చట నింటిలోనే యుండిపోయినది. మఱునాఁడే మే మామెను వాచకముతోఁ గూర్చుండఁబెట్టితిమి. జర్మనుభాషకును సంస్కృతమునకు వలెనే లింగములు మూఁడు. విభక్తులు మాత్రము నాలుగే. అది చూచి మాకు ధైర్యము కలిగెను, ఆమెకుఁ గాదు.

విదేశసంబంధములు కుదుర్చుకొనుచున్న తల్లిదండ్రులను మే మడుగునది యొక్కటే: పెండ్లి వ్యయములోఁ గొంత తీసి, పిల్లకు ఆఱుమాసములు ఆ దేశభాష చెప్పింపఁగలరా?